మిర్యాలగూడ దుమ్ములో తెల్ల షెడ్డు: ‘తనంతట తానే శుభ్రమయ్యే’ కోటింగ్ ఎంతవరకు నిజం?

తీర్పు ముందే చెప్పేస్తా, వివరం కావాల్సిన వాళ్లు కిందిది చదువుకోండి. టెన్సైల్ షెడ్డు, అంటే ఇనుప స్తంభాలకు, కేబుళ్లకు లాగి బిగించే తెల్ల గుడ్డ పైకప్పు. ఆ గుడ్డ మీద వచ్చే ‘సెల్ఫ్ క్లీనింగ్’ కోటింగ్, అంటే ఫోటోక్యాటలిటిక్ (ఎండ తగిలితే పనిచేసే) టైటానియం డయాక్సైడ్ పూత, నిజంగానే పనిచేస్తుంది. కానీ అది తినేది జిడ్డును. దుమ్మును తినదు, నీళ్లు పడకపోతే దుమ్మును కదిలించను కూడా కదిలించదు. మా మిర్యాలగూడలో ఏడాదిలో ఏడెనిమిది నెలలు పైనుంచి చెప్పుకోదగ్గ వాన ఉండదు కాబట్టి, ‘ఒకసారి వేయించుకుని మర్చిపోండి’ అని ఎవరైనా అంటే ఆ ఒక్క మాట మీద డబ్బు పెట్టకండి. నేనైతే ఐదుకు మూడున్నర ఇస్తా. అది కూడా మాకు వంట పొగ ఉంది కాబట్టే, అది లేనివాళ్లకు రెండున్నర దాటదు.

మాది నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు పక్కన టిఫిన్ సెంటర్. పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం మిర్చి బజ్జీలు, పునుగులు. బయట కూర్చునే చోట రేకులు వేస్తే రోహిణి కార్తెలో ఆ కింద మనిషి నిలవలేడు, అందుకని పెట్రోల్ బంకుల దగ్గర, కాలేజీల దగ్గర ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తున్న తెల్ల టెన్సైల్ షెడ్డు వైపు వెళ్లాం. చూడటానికి బాగుంటుంది, పగలు లైట్లు వేయనక్కర్లేదు, వేడి తక్కువ. అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఈ ఊళ్లో తెల్లదాన్ని తెల్లగా ఉంచడం ఎంత కష్టమో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. చుట్టూ బాయిల్డ్ రైస్ మిల్లులు, వాటి బాయిలర్లలో కాలేది ఊక, పొద్దున్నే బండి సీటు తుడిస్తే చేతికి నల్లగా అంటేది ఆ బూడిదే. వాడపల్లి వైపు నుంచి సిమెంటు లారీలు, కోతల సీజన్లో మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్ల బారులు. ఇవి చాలనట్టు మా సొంత వాటా ఒకటి: దోశ పెనాల మీది నుంచి, బజ్జీల మూకుడు నుంచి లేచే నూనె పొగ చిమ్నీలోంచి పైకి పోయి, గాలి కొంచెం తిరిగితే చాలు, తెచ్చి షెడ్డు మీదే వాలుస్తుంది.

కూర్చునే చోటికి కోటింగ్ ఉన్న గుడ్డ వేయించాం. పక్కన బండ్ల పార్కింగ్‌కు అదే కాంట్రాక్టరు చేత మామూలు పీవీసీ గుడ్డ, పైన పీవీడీఎఫ్ (మురికి త్వరగా అంటకుండా వేసే ఒక రకం ప్లాస్టిక్) పూత ఉన్నది. బడ్జెట్ సరిపోక అలా చేశాం తప్ప పరీక్ష పెడదామని కాదు. కానీ చిమ్నీ సరిగ్గా ఈ రెండు షెడ్ల మధ్య మూలన ఉండటంతో అనుకోకుండా మంచి పోలిక దొరికింది. ఒకే పొగ, ఒకే బూడిద, ఒకే ఎండ. రెండో వానాకాలం కూడా దాటిపోయింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాయొచ్చు.

అసలు ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్తా, ఎందుకంటే ఇది అర్థం చేసుకుంటే అమ్మేవాడి మాటల్లో ఏది నిజమో ఏది సోదో మీకే తెలిసిపోతుంది. టైటానియం డయాక్సైడ్‌లో అనటేజ్ అని ఒక రకం స్ఫటికం ఉంది. దాని మీద అతినీలలోహిత కాంతి పడితే లోపలి ఎలక్ట్రాన్ ఒకటి తన చోటు వదిలి లేస్తుంది. లేచిన ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ, రెండూ కలిసి గాలిలోని ఆక్సిజన్‌తో, ఉపరితలం మీద ఎప్పుడూ ఉండే తేమతో చర్య జరిపి, చాలా చురుకైన హైడ్రాక్సిల్ రాడికల్స్ లాంటివి పుట్టిస్తాయి. వాటికి నూనె, మసిలోని జిడ్డు, నాచు, ఏ సేంద్రియ పదార్థం తగిలినా దాన్ని ముక్కలు చేసుకుంటూ పోయి చివరికి కార్బన్ డయాక్సైడ్, నీరుగా మార్చేస్తాయి. ఈ పనిలో టైటానియం డయాక్సైడ్ ఖర్చు కాదు, అందుకే క్యాటలిస్టు అంటారు. టోక్యో యూనివర్సిటీలో ఫుజిషిమా, హోండా అనే ఇద్దరు 1967లో దీన్ని గమనించి 1972లో నేచర్ పత్రికలో ప్రచురించారు. అప్పట్లో వాళ్ల దృష్టి నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయడం మీద ఉండేది, గోడలు, గుడ్డలు శుభ్రం చేసే సంగతి తర్వాత వచ్చింది.

రెండో గుణం ఇంకా ముఖ్యం, 1997లో జపాన్ వాళ్లే బయటపెట్టారు. ఎండ తగిలిన ఈ పూత మీద నీళ్లు పడితే చుక్కలుగా నిలబడవు, పల్చటి పొరలా పరుచుకుంటాయి. ఆ పొర మురికి కిందికి దూరి దాన్ని లేపి తీసుకుపోతుంది. 2001లో పిల్కింగ్టన్ కంపెనీ అమ్మకానికి తెచ్చిన సెల్ఫ్ క్లీనింగ్ కిటికీ అద్దం కూడా ఇదే సూత్రం. షెడ్డు గుడ్డల్లో జపాన్ తైయో కోగ్యో లాంటి పేర్లు చాలాకాలంగా ఉన్నాయి. కాబట్టి ఇదేదో నిన్నగాక మొన్న పుట్టిన మాయ కాదు, ప్రచారంలో మాత్రం కొంచెం మాయ ఉంది.

ఇప్పుడు మా మూల దగ్గరికి వద్దాం. చిమ్నీకి అటువైపు, పార్కింగ్ షెడ్డు అంచున మూరెడు మేర గోధుమ రంగు తిరిగి, వేలు పెడితే అంటుకునేలా ఉంటుంది. జిడ్డు చేతికి పిండి అంటుకున్నట్టు, అక్కడ వాలిన ప్రతి బూడిద రేణువూ అక్కడే ఉండిపోయింది. వానలు కొట్టినా పోలేదు, సబ్బు నీళ్లతో మెత్తటి బ్రష్షు పెట్టి తోమితే సగం పోయింది. ఇటువైపు, కోటింగ్ ఉన్న అంచు మీద బూడిద లేదని కాదు, ఉంది, కానీ పొడిగా ఉంది. వేలితో తుడిస్తే వేలికి వస్తుంది, కింద గుడ్డ తెల్లగా ఉంటుంది. జిడ్డు నిలవట్లేదు కాబట్టి దుమ్ముకు పట్టు దొరకట్లేదు. నాకు ఈ కోటింగ్ మీద నమ్మకం కుదిరింది ఆ వేలితో తుడిచినప్పుడే, కంపెనీవాళ్లు చూపించిన ఫోటోలతో కాదు. ఇంకొకటి, మామూలు పీవీసీ గుడ్డలో మెత్తదనం కోసం కలిపే ప్లాస్టిసైజర్ కాలక్రమేణా పైకి ఊరి, గుడ్డే స్వయంగా జిడ్డుగా తయారవుతుంది. పైన మంచి పూత ఉంటే అది ఆలస్యమవుతుంది గానీ అసలే రాదని కాదు. మన ఎండలకు ఆ ఊరడం ఎక్కువే.

వాన పడిన రోజు చూడాలి అసలు తేడా. మృగశిర దాటి మొదటి గట్టి వాన పడినప్పుడు పార్కింగ్ షెడ్డు మీద నీళ్లు చుక్కలు చుక్కలుగా జారి, దారిలో బూడిదను పోగుచేసుకుంటూ నల్లటి చారలు గీసుకుంటూ వచ్చాయి. కోటింగ్ ఉన్న షెడ్డు మీద నీళ్లు ఒకే పొరగా దిగాయి. మొదట కాసేపు అంచు నుంచి ముదురు గోధుమ రంగు నీళ్లు కారాయి, ఆ తర్వాత తేట నీళ్లే. వాన వెలిసేసరికి ఆ షెడ్డు నిన్న కట్టినట్టుంది. రోడ్డు మీద లారీ ఆపి టీ తాగుతున్న డ్రైవర్ ఒకాయన, ‘గుడ్డ మార్పిచ్చినవా అన్నా?’ అని అడిగాడు. ఆ ఒక్కరోజు కంపెనీ చెప్పిందంతా నిజమనిపించింది.

తర్వాత నవంబర్ వచ్చింది.

వడ్ల సీజను, మిల్లులు రాత్రింబవళ్లు నడిచే రోజులు, వాన జాడ లేదు. ఇక్కడే కోటింగ్ బలహీనత మొత్తం బయటపడుతుంది. ఊక బూడిదలో నూటికి 85 పాళ్లకు పైగా సిలికా, అంటే దాదాపు ఇసుక. సిమెంటు దుమ్ము సున్నం, మట్టి. వీటిలో ఫోటోక్యాటలిస్టుకు తినడానికి ఏమీ లేదు. బూడిదలో కాలకుండా మిగిలిన నల్లటి కార్బన్ ఉంటుంది, దాన్ని కూడా అది చాలా నిదానంగా తప్ప కదిలించలేదు. పైగా దుమ్ము మందంగా పేరుకుంటే దాని కింద పూతకు అతినీలలోహిత కాంతే అందదు, అంటే పని చేయాల్సిన చోటే పని ఆగిపోతుంది. సంక్రాంతి నాటికి మా రెండు షెడ్లనూ దూరం నుంచి చూస్తే ఏది కోటింగ్‌దో ఏది మామూలుదో చెప్పలేరు, రెండూ బూడిద రంగే. తేడా ఏమిటంటే ఒకదాన్ని పైపు పెట్టి తడిపితే చాలు, రెండోదాన్ని తోమాలి. ఈ తేడాకు విలువ లేదని అనను, మనిషిని పైకి ఎక్కించి తోమించడం ఖర్చు, ప్రమాదం కూడా. కానీ ‘తనంతట తానే’ అన్న మాట మాత్రం ఇక్కడ చెల్లదు.

సరే, వాన లేకపోతే మనమే పైపు పెట్టి తడుపుదాం అనుకుంటారు కదా. అక్కడే నల్గొండ జిల్లా తన సంగతి చూపిస్తుంది. మా బోరు నీళ్లు ఎంత ఉప్పో చెప్పడానికి టీడీఎస్ మీటరు అక్కర్లేదు, టీ గిన్నె అడుగు చూస్తే చాలు. నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతికి దేశమంతా ‘నల్గొండ టెక్నిక్’ అని పేరుందంటే మన నీళ్ల కీర్తి ఎంతటిదో ఊహించుకోండి. (అది ఫ్లోరైడ్ సంగతి, షెడ్డుకు తిప్పలు తెచ్చేది నీళ్లలోని కాల్షియం.) ఈ నీళ్లతో ఎండలో షెడ్డు తడిపితే నీళ్లు ఆవిరై కాల్షియం గుడ్డ మీదే ఉండిపోతుంది. తెల్ల గుడ్డ మీద తెల్ల మచ్చే కదా, ఏమవుతుందిలే అనుకుంటే పొరపాటు. ఆ పెచ్చు గరుకుగా ఉండి దుమ్మును పట్టేస్తుంది, పైగా పూతను కప్పేస్తుంది, ఆ మేరకు కోటింగ్ చచ్చినట్టే. కాల్షియంను ఏ క్యాటలిస్టూ తినదు. యాసిడ్ పోసి తీద్దామంటే వారంటీ కాగితంలోనే యాసిడ్ వాడొద్దని రాసి ఉంది.

మేం చేస్తున్నదేమిటంటే, వానాకాలంలో కోటింగ్ ఉన్న షెడ్డు నుంచి కారే నీళ్లనే గొట్టం పెట్టి డ్రమ్ముల్లోకి పట్టి దాచుకోవడం, అవి అయిపోతే కృష్ణా నీళ్ల ట్యాంకరు. ఎండ దిగాక, సాయంత్రం పూట, పైనుంచి కిందికి నెమ్మదిగా పారించాలి. మిట్టమధ్యాహ్నం వద్దు. కారు కడిగే వాటర్ గన్ దగ్గరగా పెట్టి కొట్టడం అసలే వద్దు, పూత లేచిపోతుంది. సర్ఫు కూడా అక్కర్లేదు, పిట్ట రెట్టలు ఎండిపోయిన చోట మాత్రం మెత్తటి గుడ్డతో తడిపి తీయాలి. ఆ రెట్టల సంగతి కూడా చెప్పాలి. షెడ్డు శిఖరాల మీద ఇనుప రింగు దగ్గర పావురాలు కాపురం పెట్టాయి. రెట్ట సేంద్రియ పదార్థమే, సిద్ధాంతం ప్రకారం కరిగిపోవాలి, కానీ అంత మందం గడ్డ మీద ఎండ పడితే అడుగున పూత దాకా కాంతి ఎక్కడ పోతుంది? అది పల్చటి పొరలకే గానీ గడ్డలకు మందు కాదు. రింగు చుట్టూ వల కట్టించాక ఆ గోల తగ్గింది.

అమ్మేటప్పుడు ఎవరూ చెప్పని విషయాలు ఇంకొన్ని ఉన్నాయి. షెడ్డు అడుగు వైపు ఈ కోటింగ్ ఉన్నా లేనట్టే, ఎందుకంటే అక్కడ నేరుగా ఎండ పడదు. ట్యూబ్‌లైట్లు, ఎల్ఈడీలు దీనికి పనికిరావు, దాదాపు 388 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న కాంతే కావాలి, ఎండలోనే అది నూటికి నాలుగైదు పాళ్లు. మా షెడ్డు పైన మల్లెపువ్వు, కింద మాత్రం బజ్జీల స్టాల్ నెత్తిన పసుపచ్చ వలయం. కూర్చున్న గిరాకీకి కనిపించేది కిందిదే, పైది చూసేది పావురాలు, ఎదురుగా మూడో అంతస్తులో ఉన్నవాళ్లు. ఇది కొనేముందు ఆలోచించాల్సిన ముఖ్యమైన విషయం. వంట జరిగే చోట అయితే కోటింగ్ మీద పెట్టే డబ్బులో కొంత ముందు మంచి ఎగ్జాస్ట్ మీద, చిమ్నీ ఎత్తు మీద పెట్టండి.

జాయింట్ల దగ్గర కూడా చూడండి. గుడ్డ ముక్కలను వేడితో అతికించేటప్పుడు ఆ పట్టీ మేర పూతను గీకి తీయాల్సి వస్తుంది, లేకపోతే అతుకు పట్టదు. పనిమంతులైతే గీకిన చోటు మొత్తం పై ముక్క కింద దాగిపోయేలా చేస్తారు. మా షెడ్డులో రెండు చోట్ల గీకుడు అంగుళం బయటికి వచ్చింది, ఇప్పుడు ఆ రెండు చోట్లా పెన్సిలుతో గీసినట్టు సన్నటి బూడిద గీత, మిగతా గుడ్డ ఎంత తెల్లగా ఉంటే ఆ గీత అంత ఎద్దేవాగా కనిపిస్తుంది. బిగించిన రోజే నిచ్చెన వేసుకుని అతుకుల వెంట వేలు నడిపించి చూసుకోండి, కొత్తలో అది కంటికి కనపడదు, వేలికి తెలుస్తుంది.

సిలికాన్ కథ వేరే. లైట్ల వైరు లోపలికి తెచ్చిన చోట నీళ్లు దిగకుండా ఎలక్ట్రీషియన్ సిలికాన్ సీలెంట్ దండిగా పూశాడు. దాని కింద మూరెడు పొడవునా వాన నీళ్లు ఇప్పటికీ చుక్కలుగానే జారుతున్నాయి, అక్కడ మాత్రం చారలు పడుతున్నాయి. సీలెంట్ నుంచి ఊరే సిలికాన్ నూనె పూత మీద పరుచుకుని నీళ్లను దూరం నెడుతుందట, మామూలు జిడ్డులా అది తేలిగ్గా విరగదు. సెల్ఫ్ క్లీనింగ్ అద్దాలకు కూడా ఇదే జాగ్రత్త చెప్తారు. కాంట్రాక్టరు ఎలక్ట్రీషియన్‌కు చెప్పలేదు, ఎలక్ట్రీషియన్ అడగలేదు. మీ షెడ్డు మీదికి ఎవరెక్కినా సిలికాన్ గన్ కిందే పెట్టించండి.

ఇక కొనేటప్పుడు జరిగే మోసం, లేదా మోసం కాకపోయినా మాటల గారడీ. ఇద్దరు ముగ్గురు డీలర్లను అడిగితే అందులో ఒకాయన, ‘మా షీట్లో కూడా టైటానియం డయాక్సైడ్ ఉంది సార్, రిపోర్టు చూపిస్తా’ అన్నాడు. ఉంటుంది! తెల్లగా ఉన్న ప్రతి పెయింటులో, ప్రతి ప్లాస్టిక్‌లో ఉండే తెల్ల రంగు అదే. కాకపోతే రంగు కోసం కలిపేది ఎక్కువగా రుటైల్ అనే రకం, పైగా అది ఎండకు చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను తినకుండా ఉండాలని ఒక్కో రేణువుకు సిలికా, అల్యూమినా తొడుగు వేసి నోరు కట్టేస్తారు. మనకు కావాల్సింది నోరు తెరిచి ఉన్న అనటేజ్, అదీ గుడ్డ ఉపరితలం మీద. కాబట్టి ‘టైటానియం ఉందా’ అని అడగడం దండగ. ‘ఫోటోక్యాటలిటిక్ టాప్ కోటా? ఐఎస్ఓ 27448 గానీ, ఐఎస్ఓ 10678 గానీ టెస్టు రిపోర్టు ఉందా?’ అని అడగండి. మొదటిది ఎండ తగిలాక నీళ్లు ఎంత పరుచుకుంటాయో కొలుస్తుంది, రెండోది మిథిలీన్ బ్లూ రంగును ఎంత విరగ్గొడుతుందో కొలుస్తుంది. రిపోర్టు మీద గుడ్డ మోడల్ పేరు, మీకు వేసే గుడ్డ పేరు ఒకటేనా చూడండి.

రిపోర్టులంటే తలనొప్పి అనుకుంటే ఇంట్లో చేసుకునే పరీక్ష ఉంది. శాంపిల్ ముక్క తీసుకుని ఒక సగాన్ని మందపాటి అట్టతో కప్పి, రోజూ ఎండపడే డాబా మీద కొన్నాళ్లు పెట్టండి. తర్వాత వంచి పట్టుకుని రెండు సగాల మీదా నీళ్లు చల్లండి. ఎండ తగిలిన సగం మీద నీళ్లు పరుచుకుని, కప్పిన సగం మీద చుక్కలు కడితే అసలు సరుకు. రెండు చోట్లా చుక్కలే అయితే అది మామూలు షీటు, ఎంత తెల్లగా ఉన్నా సరే. కొత్త షీటును ఎండ చూపించకుండా పరీక్షించి తొందరపడి తిట్టకండి, తయారీలో అంటిన నూనెలు పోయి పూత మేల్కోవడానికి కొంత ఎండ కావాలి. మా షెడ్డు కూడా మొదట్లో చుక్కలే కట్టింది.

ఇంకో జాతి ఉంది, వచ్చి మీ పాత షెడ్డు మీదే స్ప్రే కొట్టి సెల్ఫ్ క్లీనింగ్ చేసి పోతామనేవాళ్లు. పీవీసీ గుడ్డ విషయంలో నేనైతే దూరంగా ఉంటా. జిడ్డును తినే పూతకు పీవీసీ కూడా తిండే, అది కూడా సేంద్రియ పదార్థమే కదా. అందుకే మంచి కంపెనీలు ఫ్యాక్టరీలోనే గుడ్డకు, క్యాటలిస్టుకు మధ్య ఒక రక్షణ పొర వేస్తాయి. ఆ పొర లేకుండా నేరుగా కొడితే మొదట తళతళలాడుతుంది, తర్వాత గుడ్డ పై పొర సుద్దపొడిలా రాలుతుంది. మధ్య పొర ఏమిటని అడగండి, జవాబు నసిగితే టీ తాగించి పంపించేయండి.

బ్రోచర్లో ఇంకా చాలా ఉన్నాయి: గాలిలో నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గిస్తుంది, సూక్ష్మక్రిములు చస్తాయి, వాసన పోతుంది. ల్యాబులో ఇవి జరుగుతాయి, కొలిచే పద్ధతులూ ఉన్నాయి. కానీ రోజంతా లారీలు పోయే రోడ్డు మీద నా రెండు శిఖరాల షెడ్డు గాలిని శుభ్రం చేస్తుందని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. దానికోసం ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వకండి.

ధర విషయం. మాకు పడింది మామూలు గుడ్డ కంటే దాదాపు మూడో వంతు ఎక్కువ, అది గుడ్డ వరకే. ఇనుప స్తంభాలు, కేబుళ్లు, పునాది ఎలాగూ ఒకటే ఖర్చు కాబట్టి మొత్తం బిల్లులో తేడా అంత భయపెట్టదు. దీనికంటే పై మెట్టు గాజు నార గుడ్డ మీద పీటీఎఫ్ఈ, అంటే టెఫ్లాన్ పూత. హజ్‌కు పోయొచ్చిన మన పాలమూరు, నల్గొండ వాళ్లు జెడ్డా విమానాశ్రయంలో ఆకాశమంత తెల్ల గుడారాల వరుసలు చూసే ఉంటారు, 1981లో కట్టిన ఆ హజ్ టెర్మినల్ గుడ్డ అదే. దానికి మురికి అసలే తక్కువ అంటుతుంది, పాతికేళ్లు పైగా నిలుస్తుంది, దాని మీద కూడా ఫోటోక్యాటలిటిక్ పూతతో వచ్చే రకాలున్నాయి. కానీ ధర మన టిఫిన్ సెంటర్ల లెక్కకు అందేది కాదు, మడత పడితే గాజు నార విరుగుతుంది కాబట్టి బిగించేవాళ్లు కూడా ఆరితేరినవాళ్లు కావాలి. స్టేడియం కడుతుంటే ఆలోచించండి.

సర్వీసు గురించి రాయకపోతే ఈ రివ్యూ పూర్తి కాదు. బిగించిన కుర్రాళ్లు బాగా పనిచేశారు, పేరు పెట్టడానికి లేదు. వాళ్లలో ఒకడు దిగేటప్పుడు, ‘అన్నా, దీనికి చెయ్యి పెట్టే పనే లేదు, వానే కడుగుతది’ అన్నాడు. ఏడాది తిరిగేసరికి అదే ఆఫీసు నుంచి ఫోన్, ఏడాదికి ఇంత కడితే వచ్చి షెడ్డు కడిగిపోతామని మెయింటెనెన్స్ కాంట్రాక్టు. పక్కనే కూర్చుని వింటున్న మా బాపు, ‘తనే కడుక్కునే గుడ్డకు మల్ల కడిగెటోనికి జీతమెందుకురా?’ అన్నాడు. ఫోన్లో ఉన్నాయన దగ్గర జవాబు లేదు. నిజానికి కడగాల్సిందే, అది తప్పు కాదు. అమ్మేరోజు ఆ మాట చెప్పకపోవడమే నా కోపం. అతుకుల దగ్గరి గీతల గురించి ఫోటోలు పంపితే, ‘అవి వారంటీలోకి రావు సార్’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

వారంటీ కాగితం సరిగ్గా చదివితే తెలిసింది, పదేళ్లు అని పెద్ద అక్షరాల్లో ఉన్నది గుడ్డ చిరగడానికి, బలం తగ్గడానికే. పై పూత పనితీరు గురించి ఒక్క వాక్యం లేదు. క్యాటలిస్టు ఖర్చు కాదన్న మాట సైన్సు ప్రకారం నిజమే గానీ, పూత అరిగిపోవచ్చు, లేచిపోవచ్చు, మన సున్నపు నీళ్ల పెచ్చు కింద కప్పబడిపోవచ్చు. కాబట్టి సంతకం పెట్టేముందు టాప్ కోట్‌కు విడిగా ఎన్నేళ్లో, ఏ నీళ్లతో, ఎన్నాళ్లకోసారి కడిగితే ఆ వారంటీ నిలుస్తుందో రాయించుకోండి. బోరు నీళ్లు వాడొచ్చో లేదో నోటిమాటగా కాదు, కాగితం మీద రాయించండి.

ఎవరికి పనికొస్తుంది అంటే, రోడ్డు పక్క హోటళ్లు, దాబాలు, డీజిల్ పొగ మధ్య ఉండే బస్టాండ్లు, పెట్రోల్ బంకులు, చెట్ల నీడన తేమకు నాచు పట్టే చోట్లు (కాకపోతే అక్కడ కొంచెం ఎండ కూడా తగలాలి), వీళ్లకు పనికొస్తుంది. షెడ్డు వాలు బాగా ఉండాలి, చదునుగా కట్టినదాని మీద నీళ్లు నిలిచి అక్కడే మురికి వదిలిపోతాయి. పొలాల మధ్య ఫంక్షన్ హాలు, క్రషర్ల పక్కన ఆఫీసు, ఉత్త మట్టి దుమ్ము తప్ప జిడ్డు లేని చోటైతే ఆ డబ్బుతో నీళ్ల ట్యాంకు, పైపులైను వేయించుకోవడం మేలు. సిమెంటు ఫ్యాక్టరీ పక్కనైతే అసలొద్దు, దుమ్ము మంచుకు తడిసి గట్టిపడిందంటే కోటింగ్ ఉన్నా లేకపోయినా ఒకటే.

వెనకవైపు గ్యాస్ సిలిండర్లు, సామాను దింపుకునే చోటికి ఇంకో షెడ్డు అనుకుంటున్నాం. అటు పొగ రాదు, గిరాకీ చూడదు. దానికి మామూలు పీవీడీఎఫ్ గుడ్డే చెప్పా. పార్కింగ్ షెడ్డులో చిమ్నీ వైపు ముక్క ఒక్కటి మాత్రం విప్పించి కోటింగ్ ఉన్నది వేయమని అడిగా, శాంపిల్ ముక్క డాబా మీద సగం అట్ట కింద ఎండుతోంది.